మూత చూసి కూర్చోవాలి

నవ్వకూడదు, ఇప్పుడే నవ్వకూడదు, నవ్వు నాలుగు విధాల చేటని అమ్మ ఊరికే అనేదా, అనుకుంటూ ఆమె పెదవిని లోపలివైపు కొరుక్కుని, చివరి వరసలో తలుపు పక్క కుర్చీలో సర్దుకుని కూర్చుంది. వేదిక మీద బావ మైకును గోటితో తడుతున్నాడు. టక్, టక్. వెనకవాళ్లకి వినిపిస్తోందా? వినిపిస్తోంది బావా, తొమ్మిదేళ్లుగా వినిపిస్తూనే ఉంది, నువ్వు కానివ్వు. కొత్త కోటు. ఆ మట్టిరంగు అక్క ఎంపికే, చిన్నప్పటి నుంచీ దానికి ఆ రంగంటే ప్రాణం. జుట్టుకి రంగేసుకున్నాడు గానీ చెవుల దగ్గర మరిచిపోయాడు, రెండు పక్కలా దూది అంటించినట్టుంది. జేబురుమాలు తీసి మైకు తుడుచుకున్నాడు. ఎవరి చేతిలోంచి ఏది తీసుకున్నా తుడుచుకునే తీసుకుంటాడాయన. చెంచాలు, కుర్చీలు, పేర్లు. తుడుచుకో, బాగా తుడుచుకో. ఇంకో గంటలో నీ వెనకున్న ఆ పెద్ద తెర మీద బొమ్మలన్నీ కదలడం మానేస్తాయి. పొగ రాదు, మంట రాదు, ఫలానా తప్పు జరిగిందని ఒక్క ఎర్రక్షరమైనా కనబడదు. ఒకరికోసం ఒకరు ఎదురుచూస్తూ, అందరూ ఎంతో మర్యాదగా, అలా నిలబడిపోతారంతే. దానికి నేను వేలు కదపక్కర్లేదు, నోరు విప్పక్కర్లేదు. కాగల కార్యం గంధర్వులే తీరుస్తారంటారే, ఆ గంధర్వుడికి వేషం కట్టి పంపించింది కూడా నువ్వే.

పక్క కుర్చీలో ధబ్బున ఎవరో కూలబడ్డారు. నలభై దాటిన మనిషి, ఖాకీ చొక్కా, మెడలో ఈల, చేతిలో టీ, టీ మీద మూతలాగా రెండు బిస్కెట్లు.

"మీరు కంపెనీ వాళ్లా అండీ?" అని అడిగింది, బిస్కెట్ నోట్లో పెట్టుకుంటూనే.

"కాదండీ. ఆయన మా బావగారు."

"ఓహో, పెళ్లివారి తరఫన్నమాట!" అని ఆవిడ తన హాస్యానికి తనే నవ్వుకుంది. "నేను బస్సు డిపోలో టైం చూసే మనిషిని. బస్సులెప్పుడొస్తాయో చూపించే ఈ కొత్త బోర్డులు వచ్చి పడేది మా నెత్తినే. బస్సు రాకపోతే డ్రైవర్ని ఎవరూ ఏమీ అనరండీ, వాడు దొరకడు కదా. నన్ను తింటారు."

"బోర్డు సరిగ్గా ఉంటే ఎందుకు తింటారు?"

"కరెంటని ఒకటుంది కదండీ. పోతే బోర్డు పోతుంది, బస్సు మాత్రం ఆగదు. అది మళ్లీ వచ్చి బోర్డు వెలిగేసరికి బస్సు సగం దారిలో ఉంటుంది. అప్పుడు చూడాలి నా తిప్పలు. కాగితంలో ఇంటర్‌ప్రెటరనీ, ఏవో దారాలూ తాళాలూ అనీ రాశారు, ఏంటండీ ఇది, కుట్టుమిషనా?"

నవ్వకూడదనుకున్నది నవ్వేసింది. "కుట్టుమిషను కాదండీ. ఇంటర్‌ప్రెటరంటే దుబాసీ. మనం రాసిన మాటలు వరసగా ఒక్కొక్కటీ చదివి, యంత్రానికి దాని భాషలో చెప్పే మనిషనుకోండి. పనులు బోలెడు, దుబాసీ ఒక్కడు. ఒక్కో పనినీ ఒక్కో థ్రెడ్ అంటారు. అందరూ ఒకేసారి వాడి మీద పడి అరిస్తే వాడికి మతిపోతుంది. అందుకని తాళంచెవి ఒకటే పెట్టి, అది చేతిలో ఉన్నవాళ్లే మాట్లాడాలని కట్టడి."

"మా డిపోలో మైకులాగా. ఎవడి చేతిలో ఉంటే వాడిదే రాజ్యం. మరి వాడు తిరిగివ్వకపోతే?"

ఇవ్వకపోతేనా, అని ఆమె చెప్పబోతుండగా వేదిక మీద బావ గొంతు సవరించుకున్నాడు, దీపాలు కొంచెం తగ్గించారు. మొదటి వరసలో అక్క జడ కనబడింది, ముడి కిందికి జారిపోతోంది, ఎప్పుడూ అంతే, పిన్నులు నిలవవు దానికి. అనగనగా ఒక ఇల్లుందండీ, అని మొదలుపెట్టాడు బావ. మేడమీద వాటా. ఏడుగురు మనుషులు, ఒక్కటే స్నానాలగది. దానికో తాళం, తాళానికో చెవి, ఆ చెవి వంటింటి తలుపు వెనక మేకుకి. ఎవరికి పనుంటే వాళ్లు మేకు దగ్గరికి రావాలి, మేకు ఖాళీగా ఉంటే నిలబడాలి. అదండీ మా చిన్నప్పటి ఇల్లు, అన్నాడు. మా చిన్నప్పటి ఇల్లట! నీ చిన్నప్పటి ఇంట్లో మూడు స్నానాలగదులుండేవి బావా, మూడో దాంట్లో సైకిళ్లు పెట్టేవాళ్లు, పెళ్లిచూపులకి వచ్చినప్పుడు మీ అమ్మే చెప్పింది. ఆ మేకు మాది. ఆ మేకు కొట్టింది మా అమ్మ, సుత్తి లేక కల్వం బండతో, బొటనవేలు చితక్కొట్టుకుని మరీ. ఒకరోజు నాన్న స్నానం చేసొచ్చి తాళంచెవి చొక్కాజేబులో వేసుకుని ఆఫీసుకెళ్లిపోతే, సాయంత్రందాకా ఇల్లంతా మేకు వంక చూస్తూ కూర్చుంది. ఆయన జేబులో మన బతుకెళ్లిపోయిందర్రా, అని అమ్మ గుండెలు బాదుకుంటుంటే నవ్వాలో ఏడవాలో తెలియక అక్కా తనూ ఒకళ్ల నోరు ఒకళ్లు మూసుకున్నారు. ఆ కథే ఇప్పుడు బావ చెబుతున్నాడు, నాన్న జేబుతో సహా, ఎక్కడ ఆగాలో అక్కడ ఆగి. హాలంతా పగలబడి నవ్వుతోంది. అక్క కూడా. భుజాలు కదులుతున్నాయి. అక్కా, అది మన నాన్నే. మన నాన్న జేబే. మన నాన్నని కూడా ఇచ్చేశావా ఆయనకి, తుడుచుకోమని?

తాళంచెవి కథ తనే రాసింది ఆ రోజుల్లో, కోడ్‌లో, ప్రతి తాళం పైనా, తర్వాత చదివేవాళ్లకి అర్థం కావాలని. అక్కావాళ్ల మేడమీది గదిలో తనూ బావా ఒక బల్లకి అటొకరు ఇటొకరు కూర్చుని ఈ దుబాసీని తయారుచేశారు. మాటలు చదివి విడదీసే భాగం బావది, తాళాలన్నీ తనవి. చదువు ఇద్దరిదీ ఒకటే, మార్కులు చూస్తే తనవే ఓ గుప్పెడెక్కువ. దుబాసీ అన్ని రకాల యంత్రాల మీదా నడవాలి, అదీ పందెం. ఒక్కో యంత్రం ఒక్కో అత్తగారు. ఒకావిడకి తాళం కుడివైపు తిప్పాలి, ఒకావిడకి ఎడమవైపు, ఒకావిడైతే తాళం ఉందనే ఒప్పుకోదు. ఈ అత్తగార్లందరి ముందూ కోడలు ఒకే మాట మాట్లాడినట్టుండాలి, ఎవరికీ కోపం రాకూడదు. ఆ సర్దుబాటంతా తనది. అలా రాసి, రాసి, మెడ పట్టేసి, పక్కకి తిరగాలంటే మనిషి మొత్తం తిరగాల్సి వచ్చేది. అప్పుడిదే హాలు. కుర్చీలే వేరు, అప్పుడివి ఇనపవి, లేస్తే కీచుమనేవి. మొదటి ప్రదర్శన నడుమలో దుబాసీ బిగుసుకుపోయింది. ఎక్కడో ఒక థ్రెడ్ తాళంచెవి పట్టుకుని, నెట్‌లో దేన్నో అడగడానికెళ్లి, చెవి జేబులో ఉండగానే బయట కూర్చుండిపోయింది. అచ్చం నాన్నలాగా. ఆ భాగం బావ రాసింది. బయటికెళ్లే ముందు చెవి మేకుకి తగిలించి వెళ్లాలని గోడమీద రాసినంత పెద్దక్షరాలతో చెప్పినా మరిచిపోయింది బావే. మైకు పుచ్చుకున్నదీ బావే.

"తాళాలు రాసింది మా మరదలు చిట్టి," అన్నాడు ఆవేళ, నవ్వుతూ, ప్రేమగా. "ఇంట్లో పిల్ల కదా అని చేర్చుకున్నాం. తప్పు మాదే. చిట్టీ, ఏదీ లే, అందరికీ ఒకసారి సారీ చెప్పు."

నలభయ్యో పడిలో ఉన్న మనిషిని చిట్టీ అన్నాడు. ఎవరో ముందు వరసలో కిసుక్కుమన్నారు. అక్క వెనక్కి తిరిగి చూసింది, ఆ చూపులో దండం ఉంది, వద్దే, ఇప్పుడేమీ అనకే అని. ఇనపకుర్చీ కీచుమంది. సారీ అండీ, అంది తను. ఆ మాట మైకులోంచి వెళ్లి, వెనకగోడకి కొట్టుకుని, కొంచెం ఆలస్యంగా, ఇంకెవరిదో గొంతులాగా తిరిగొచ్చింది. ఆ గొంతు ఇప్పటికీ వదల్లేదు. కూరలు కోస్తుంటే వస్తుంది, పళ్లు తోముకుంటుంటే వస్తుంది. ఆ సాయంత్రమే అక్క వంటింట్లో, ఇదిగో బావా, కోడ్‌లో నీ వరస ఇది, చెవి పట్టుకుపోయింది నువ్వు, అని చూపిస్తే, ఆయన టీలో చక్కెర తిప్పుతూ, తిప్పుతూ, చెంచా గ్లాసుకి తగలకుండా తిప్పుతూ, సర్లే చిట్టీ, ఇంట్లో మాట ఇంట్లోనే ఉండాలి, బయటికి ఒక మొహమే కనబడితే కుటుంబానికి మంచిది, అన్నాడు. అక్క తలెత్తలేదు. సాసర్లోకి టీ ఒలికిపోతున్నా పోస్తూనే ఉంది. పాముది పగ, తోకది చుట్టరికం అంటారు. ఆ గదిలో పామెవరో తోకెవరో అప్పట్లో తెలియలేదు. ఇప్పుడు తెలుసు. పాము తనే. తొమ్మిదేళ్లు పుట్టలో పడుకుంది. ఇవాళ వాసన చూసి తల బయటపెట్టింది.

"మీ బావగారు భలే చెబుతారండీ," అంది డిపో ఆవిడ, కళ్లు తుడుచుకుంటూ. "ఆ జేబు కథ! మా మావగారూ అంతే."

"అవునండీ. చెప్పడంలో ఆయన్ని మించినవాళ్లు లేరు."

చెప్పు బావా, ఇంకా చెప్పు. మేకు కథ ఎత్తుకెళ్లావు గానీ మూత కథ ఎత్తుకెళ్లలేదు. దాన్ని పారేశావు. అక్కడే ఉంది నీ ప్రాణం, ఏడు సముద్రాల అవతల కాదు, ఒక రేకుడబ్బా మూతలో. ఒక వానాకాలం మధ్యాహ్నం స్కూలు తొందరగా వదిలేస్తే, మెట్లెక్కి వచ్చి తను గంట కొట్టింది. ఒక్కసారే కొట్టింది, రెండోసారి కొడితే తంతానని అమ్మ కట్టడి. అమ్మ పెరటివైపు కుళాయి కింద బట్టలు జాడిస్తోంది, ఆ హోరులో గంట వినబడలేదు. తర్వాత కుళాయి కట్టేసి, చిన్నది వచ్చే వేళయింది, గంట కొడుతుంది, వింటూ కూర్చుంటానని వీధిగదిలో స్టూలేసుకుని కూర్చుంది. బయట తను, గంట కొట్టాను కదా, వస్తుందని నిలబడింది. లోపల అమ్మ, గంట కొట్టలేదు కదా అని కూర్చుంది. మధ్యన బెత్తెడు చెక్కతలుపు. వాన మెడలోంచి దిగి మేజోళ్లలోకి వచ్చేదాకా ఇద్దరూ అలాగే. తప్పెవరిదీ కాదు, ఇద్దరూ పద్ధతిగానే ఉన్నారు, అందుకే తెల్లారదు ఆ ఎదురుచూపు. చివరికి పాలవాడు వచ్చి తలుపు బాదితే బయటపడింది. అప్పుడు అమ్మ తల తుడుస్తుంటే, కిటికీ దగ్గర కథలపుస్తకం పట్టుకుని కూర్చున్న అక్క, పుస్తకంలోంచి కళ్లెత్తకుండా, అది గంట కొట్టనేలేదమ్మా, అంది. వీధిగదిలోనే ఉంది అక్క. కుళాయి హోరు వీధిగదిలోకి వినబడదు.

ఆ మర్నాడు అమ్మ తలుపుకున్న ఉత్తరాల కంతలోంచి ఒక దారం లాగి, దానికి బిస్కెట్ల డబ్బా మూత కట్టింది. గంట కొట్టినవాళ్లు కంతలోంచి ఆ మూత లోపలికి తోయాలి. తోస్తే లోపల వేలాడుతుంది, ఎవరో ఒకరు తీసేదాకా అక్కడే ఉంటుంది. లోపలివాళ్లకి ఒకటే నియమం, మూత చూసి కూర్చోవాలి. గంట విన్నావా లేదా అన్నది కాదు, కూర్చునే ముందు గుమ్మం చూశావా లేదా అన్నది. గంట గాల్లో పోతుంది, మూత ఉంటుంది. ఎన్నో ఏళ్ల తర్వాత దుబాసీ తాళాలు రాస్తున్నప్పుడు అదే మూత చేతికి తగిలింది. పనిలేని థ్రెడ్ నిద్రపోతుంది, పనొస్తే ఎవరో పిలిచి లేపుతారు. కొన్ని పెద్ద యంత్రాలున్నాయి, వాటిలో పిలుపు నిలవుంటుంది, నిద్రపోకముందు పిలిచినా సరే, పడుకోబోతుంటే అదిగో పిలిచారు లెమ్మంటుంది. ఇంకో రకం యంత్రాలున్నాయి, వాటిలో పిలుపంటే చప్పట్లే, ఆ క్షణాన నిద్రలో ఉన్నవాడు లేస్తాడు, ఎవరూ లేకపోతే చప్పుడు గాల్లో కలుస్తుంది. తర్వాత వచ్చి పడుకున్నవాడు ఇక లేవడు. అందుకని ప్రతి పిలుపుకీ ఒక మూత కట్టింది తను, పిలిచేవాడు మూత తోయాలి, పడుకోబోయేవాడు తాళంచెవి చేతిలో పట్టుకుని మూత చూడాలి. దాని పేరు కూడా మూత అనే పెట్టింది. దాని పైన అమ్మ కథ, కింద తన పేరు.

ఈమధ్య ఆ కోడంతా లోకం చూసేలా నెట్‌లో పెట్టాడు బావ, గొప్పకి. చూసింది. తాంబూలంలో వక్క వెతుక్కున్నట్టు తన పేరు వెతుక్కుంది. పేరున్న వరస ఒక్కటీ లేదు. పేరు ఒక్కటే తీస్తే వెలితి తెలుస్తుందనుకున్నాడో ఏమో, పేరు చుట్టూ ఉన్నదంతా తీసేశాడు, అమ్మ కథ తీసేశాడు, కథ పోయాక ఈ మూతెందుకో ఆయనకే అర్థం కాక, అనవసరం అని మూత కూడా తీసేశాడు. పుండు కోయబోయి నరం కోసుకున్నాడు. ఇన్నాళ్లూ పెద్ద యంత్రాలు, వాటికి మూత లేకపోయినా గడిచింది. ఈ బస్సు బోర్డుల్లో ఉన్నది చిన్న డబ్బా యంత్రం. చప్పట్ల రకం. అది చూసిన రోజు ఆమె చాలాసేపు తెర ముందు కూర్చుని, లేచి, మొహం కడుక్కుని, మంచి చీర ఇస్త్రీ చేసుకుంది.

"చూడండి చూడండి, మొదలెట్టారు," అని డిపో ఆవిడ మోచేత్తో పొడిచింది.

బల్ల మీద వరసగా పేర్చిన చిన్న బోర్డులన్నీ వెలిగాయి, పెద్ద తెర మీద వాటి బొమ్మలు. బస్సు బయలుదేరింది, అన్నాడు బావ, మీట నొక్కాడు. బోర్డులన్నీ ఒక్కసారి కళ్లు తెరిచినట్టు అంకెలు మార్చాయి. ఇంకో బస్సు. మార్చాయి. ఆమె కుర్చీ చేతులు పట్టుకుంది. ఇప్పుడు. ప్రతి వార్తకీ బోర్డులు లేచి, అందిందని చెప్పి, మళ్లీ పడుకుంటాయి. వార్త లేదని చూసుకున్నాక, కన్ను పూర్తిగా మూతపడకముందు, సన్నని సందుంటుంది, ఆ సందులో పిలుపొచ్చి పడాలి. పడితే బోర్డు వార్త కోసం, పంపినవాడు అందిందనే జవాబు కోసం, తలుపుకి అటొకరు ఇటొకరు. ఇంకో బస్సు. ఇప్పుడు పడాలి. పడలేదు. పది బస్సులు, ఇరవై బస్సులు, పిలుపులన్నీ నిద్రపోయేవాళ్లనే వెతుక్కుంటూ వెళ్లి తగులుతున్నాయి. బిగుసుకో. బిగుసుకోవే, నీ కడుపు కాల, నేను కన్నదాన్ని నిన్ను, ఒక్కసారి నా మాట వినవే! బోర్డులు నవ్వుతున్నట్టు మెరుస్తున్నాయి. బావ మీట వదిలి రెండు చేతులూ చాచాడు. చప్పట్లు. ముందు వరస లేచి నిలబడింది, చూసి మిగతా వరసలూ లేచాయి. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్టు, తను కన్నది కూడా ఆయన పక్కకే వెళ్లి నిలబడింది.

చప్పట్ల మధ్య ఆమె ఒక్కతే కూర్చుని ఉంది. నోట్లో రాగి రుచి. పెదవి తెగింది. సరే పోనీ, ఇవాళ కాకపోతే రేపు, ఎక్కడికి పోతుంది, ఏదో ఒక వానరోజు, ఏదో ఒక బస్‌స్టాప్‌లో బిగుసుకుని తీరుతుంది, అప్పుడు చూస్తాను నీ మట్టికోటు. అప్పుడు కోటెక్కడుంటుంది? కోటు ఇంట్లో, కొక్కేనికి. అప్పుడు మైకు పట్టుకుని, డిపోలో వాడటం చేతకాలేదండీ, ఆవిడెవరో ఈలేసుకుని తిరిగే మనిషి, అంటాడు. ప్రేమగా, నవ్వుతూ. పక్కకి చూసింది. డిపో ఆవిడ లేచి నిలబడి, టీ గ్లాసు చంకలో పెట్టుకుని, చేతులు నొప్పెట్టేలా చప్పట్లు కొడుతోంది. "ఇంకేంటండీ, సోమవారం నుంచి మా స్టాపులన్నిటికీ ఇవే!" అంటోంది. ఇంకో ఇనపకుర్చీ. ఇంకో సారీ అండీ. అంతే కాదు, అంత మంచిదాన్నేం కాదు నేను, అనుకుంది ఆమె, ఈవిడ కోసమే అని చెప్పుకుంటే కళ్లు పోతాయి. ఎప్పుడో ఏదో స్టాప్‌లో ఎవరూ చూడకుండా పడిపోతే నాకేం లాభం? నాకు ఇక్కడ కావాలి. ఈ హాల్లో, ఈ మైకులో, ఈ మనుషుల ముందు. గంధర్వులు రాకపోతే మనిషి లేవాలి. లేచింది. ఈ కుర్చీలు కీచుమనవు, మెత్తవి.

"బావగారూ," అంది. కూర్చుంటున్న జనం తలలు తిప్పారు. "చాలా బాగుందండీ. చిన్న సందేహం. డిపోలో కరెంటు పోయి వస్తుందట. బస్సు ముందు బయలుదేరిపోతుందట, బోర్డు తర్వాత వెలుగుతుందట. అలా ఒకసారి చూపిస్తారా? ఒక బోర్డు ఆర్పి, ముందు బస్సు వార్త పంపించి, ఆ తర్వాత బోర్డు వెలిగించండి. అంతే."

"నిజమేనండోయ్," అని డిపో ఆవిడ ఈల పైకెత్తి ఊపింది. "మాకు రోజూ అదే గొడవ!"

బావ ఆమెను చూశాడు. గుర్తుపట్టి, కనుబొమ్మలెత్తి, అయ్యో చిట్టి కూడా వచ్చిందే అన్నట్టు నవ్వాడు. దానికేం భాగ్యం, అన్నాడు. ఒక బోర్డు ఆర్పాడు. బస్సు బయలుదేరింది, మీట నొక్కాడు. బోర్డు వెలిగించాడు. వెలిగింది, ఖాళీగా. వెలిగీ వెలగగానే ఏమీ చూసుకోకుండా పడుకుంది, పిలుపు అప్పటికే గాల్లో కలిసిపోయింది. అంకె రాలేదు. ఒక్క నిమిషం, అన్నాడు. ఇంకో బస్సు నొక్కాడు. ఈసారి మిగతా బోర్డులూ కదల్లేదు. అన్నీ వెలుగుతూనే ఉన్నాయి, ఏ తప్పూ రాలేదు, పాత అంకెలు అలాగే పట్టుకుని ఒకరికోసం ఒకరు మర్యాదగా ఆగిపోయాయి. మీట. మీట. గోటితో టక్, టక్. చల్లగాలి యంత్రం మోత వినబడుతోంది. ఎవరో దగ్గారు. ఇదీ, ఇదే, ఈ చప్పుడు లేకపోవడమే, దీనికోసం తొమ్మిదేళ్లు బతికింది, వాన మేజోళ్లలోకి దిగినా ఫరవాలేదు, ఇంకా ఉండనీ, ఇంకాసేపు.

ఆ నిశ్శబ్దంలో మొదటి వరసలోంచి అక్క గొంతు, మైకు లేకుండానే, వంటింట్లో అడిగినట్టు అడిగింది. "మూత ఏదండీ? మూత తీసేశారా?"

బావ అక్క వంక చూశాడు. జనం వంక చూశాడు. తర్వాత ఆ పాత నవ్వు, చక్కెర తిప్పే నవ్వు, మెల్లగా మొహం మీదికి తెచ్చుకున్నాడు. "అంటే, ఈ తాళాల భాగం అప్పట్లో నేను రాయలేదండీ. మా ఇంట్లోనే ఒక..."

"తెర మీద పెట్టండి బావగారూ," అంది ఆమె. గొంతు పెంచలేదు. "తాళాల ఫైలు. పైనే ఉంటుంది రాసినవాళ్ల పేరు. చదవండి, అందరం వింటాం."

ఆయన పెట్టలేదు. పెట్టక్కర్లేకపోయింది. నెట్‌లో లోకమంతా చూసేలా పెట్టింది ఆయనే కదా, రెండు మూడు వరసల్లో ఫోన్లు అప్పుడే వెలిగాయి. ఎవరో కుర్రగొంతుతో పైకి చదివారు, ఒకటే పేరు, ఆయనదే, ఇంటిపేరుతో సహా. తర్వాత ముందు వరసలో ఎక్కడో కిసుక్కుమన్న చప్పుడు. ఆ చప్పుడు చాలు. అది వినగానే ఆమె సంచీ భుజానికి తగిలించుకుంది. అక్క వెనక్కి తిరిగి చూస్తోంది, ముడి పూర్తిగా ఊడిపోయి జడ భుజం మీద పడింది, కళ్లలో మళ్లీ ఆ దండమే. ఈసారి ఆ దండం ఎవరికోసమో ఆమె ఆగి కనుక్కోలేదు. తలుపు పక్క కుర్చీ ఎంచుకుంది ఇందుకే. తలుపు మెత్తగా, చప్పుడు చేయకుండా మూసుకుంది. మెట్లు దిగింది. వీధిలో లారీలు, హారన్లు, రోడ్డు తవ్వే యంత్రం హోరు.

బస్‌స్టాప్‌లో పాత బోర్డు దుమ్ము కొట్టుకుని ఉంది. కాసేపటికి డిపో ఆవిడ ఆయాసపడుతూ పరుగెత్తుకొచ్చింది, ఈల మెడ వెనక్కి తిరిగిపోయింది.

"ఏం మనిషండీ మీరు! సోమవారం లేదు, మంగళవారం లేదు, అన్నీ ఆపేశారు. నన్ను బతికించారు. మిమ్మల్నే పిలిచారండీ, మీరలా దిగారో లేదో! మైకులో. మొదట చిట్టీ అన్నారు, ఎవరూ పలకలేదు. తర్వాత పూర్తి పేరు, చివర్న గారూ అని కూడా. ఇది రాసింది ఆవిడేనండీ, ఒకసారి రమ్మనండి, ఆవిడైతేనే బాగుచేయగలదు అని అందరి ముందూ అన్నారు. పాపం, మొహం ఇంతైపోయింది. వినబడలేదా మీకు?"

"లేదండీ," అంది ఆమె. నిజమే. రోడ్డు తవ్వుతున్నారు.

"మళ్లీ మళ్లీ పిలిచారండీ!"

"ఆయన పిలవనేలేదు."

"అదేంటండీ, చెవులారా విన్నాను నేను!"

"మీరు విన్నారు. నేను వినలేదు. మా ఇంట్లో అంతేనండీ, లోపలివాళ్లు వినకపోతే గంట కొట్టనట్టే. కావాలంటే మా అక్కనడగండి."

డిపో ఆవిడ మెడ వెనక్కి తిరిగిన ఈలని ముందుకి లాక్కుంది. బస్సు వచ్చింది. ఆమె ఎక్కి, కిటికీ పక్క సీటు దగ్గర నిలబడి, కూర్చునే ముందు అలవాటు చొప్పున ఒకసారి గుమ్మం వైపు చూసింది. ఏమీ వేలాడటం లేదు.

కూర్చుంది.